ముప్పై ఏడు రోజుల పాపతో సూరత్ నుంచి

అక్కకి ఎనిమిదో నెల వచ్చాక డాక్టరు రైలు ప్రయాణం వద్దన్నారు. అందుకని మొదటి కాన్పుకి పుట్టింటికి రాకుండా సూరత్‌లోనే ఉండిపోయింది. బావగారు అక్కడ బట్టల మిల్లులో, రంగులు వేసే విభాగంలో పనిచేసేవారు. అమ్మకి బీపీ, మోకాళ్ల నొప్పులు, అంత దూరం వెళ్లే పరిస్థితి లేదు. నేను వెళ్లాలని ఇంట్లో అనుకున్నాం. అప్పట్లో నేను పాలకొల్లులో ఒక కాన్వెంటులో టీచర్ని. పరీక్షలయ్యి, పేపర్లు దిద్దడం అయ్యాక, ఏప్రిల్ చివర్లో బయల్దేరతానని ఉత్తరం రాశాను. "తొందరేం లేదులే, నీ పని చూసుకుని రా" అని అక్క జవాబు రాసింది.

పాప మూడు వారాల ముందే పుట్టేసింది. తొమ్మిదో రోజున అక్క పోయింది. జ్వరం అన్నారు, రక్తంలో విషం చేరిందన్నారు. నాకు అర్థమైంది ఒక్కటే. నేను పేపర్లు దిద్దుతున్న వారమంతా అక్క అక్కడ ఒంటరిగా ఆ జ్వరంలో పడి ఉంది.

నేనూ నాన్నా వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. ఆ ఒంటిగది ఇంట్లో పక్కింటి మామ్మగారి ఒళ్లో, అక్క పాత చీర ముక్కలో చుట్టి ఉంది పాప. ఇంత చిన్న మనిషి ఉంటుందా అనిపించింది. నాన్న ఒకసారి వంగి చూసి, బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు.

కర్మకాండ అయ్యాక నాన్న వెళ్లిపోయారు. పాప కాస్త బరువు పెరిగేదాకా ప్రయాణం పెట్టుకోవద్దన్నారు ఆస్పత్రిలో. నేను ఉండిపోయాను. బావగారు డ్యూటీకి పోయేవారు, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. పాపని ఎత్తుకున్నది నేను చూడలేదు. పాప ఏడిస్తే లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవారు. ఆయన మీద నాకు కోపం వచ్చేది. ఆ కోపం లేకపోతే నేనా రోజుల్లో నిలబడగలిగేదాన్ని కాదేమో కూడా.

మామ్మగారిది తుని. కొడుకు ఉద్యోగం కోసం అక్కడికి వచ్చి పదేళ్లయిందట. నాకు ఇరవై నాలుగేళ్లు, పసిపిల్లకి నీళ్లు పోయడం కూడా రాదు. అన్నీ ఆవిడే నేర్పారు. ప్రయాణం రెండ్రోజులుందనగా నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పారు.

"అమ్మాయ్, పాలపొడి రైల్లో కొలవకు. బండి కుదుపుకి చెంచా కొలత తప్పుతుంది. ఇక్కడే పూటకో పొట్లం కట్టుకో. వేడినీళ్లు ఫ్లాస్కులో, కాచి చల్లార్చినవి వేరే సీసాలో. రెండూ కలిపి పట్టాలి. ముందే కలిపి ఉంచావో, ఈ ఎండల్లో విరిగిపోతాయి. పిల్ల సగం తాగి వదిలేస్తే పారబొయ్యి, వేస్టయిందని చూడకు."

"సరేనండి."

"పాత చీరలన్నీ చింపేశాను, మూడు డజన్లున్నాయి గుడ్డలు. ఎన్ని తడుస్తున్నాయో చూసుకుంటూ ఉండు. నాలుగైదు గంటలు ఒక్కటీ తడవలేదంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని. కిటికీకి తడిగుడ్డ కట్టు, పిల్లకి మాత్రం కప్పకు. ఏడిస్తే ముందు గుడ్డ చూడు, తర్వాత టైం చూడు, తర్వాత భుజాన వేసుకుని వీపు రాయి."

"అప్పటికీ ఏడుపు ఆపకపోతే?"

"ఏడిస్తే ఏం కాదే. ఏడవకుండా పడుంటే, అప్పుడు భయపడు."

ఆవిడ చింపిన చీరల్లో అక్క పెళ్లినాటి నేతచీర కూడా ఉంది. నేను చూసి, ఆ గుడ్డలు కూడా మడతపెట్టి సంచిలో సర్దాను. మెత్తగా ఉన్నాయి, పిల్లకి పనికొస్తాయి.

మే నెల మధ్యలో బయల్దేరాం. బావగారు, నేను, పాప. స్లీపరు బోగీలో కింద బెర్తు. మొదటి పూట బాగానే గడిచింది. పై బెర్తు గొలుసులకి చీర కట్టి ఉయ్యాల వేశాను, కానీ బండి ఊగుతుంటే పడిపోతుందేమోనని మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాను. ఎదురు సీట్లో పెద్దాయన ఒకరు ముద్దుగా చిటికెలు వేసి, "అచ్చం అమ్మ పోలికే" అన్నారు నన్ను చూసి. బావగారు కిటికీ బయటికి చూస్తున్నారు. నేను నవ్వాను. 

మర్నాడు ఉదయం బల్లార్షాలో బండి ఆగింది. ఫ్లాస్కులో నీళ్లు అయిపోయాయి. వేడినీళ్ల కోసం బావగారు దిగారు. పాప కోసం ఆయన తనంతట తాను చేసిన మొదటి పని అదే. బండి కదులుతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కారు. ఎక్కేటప్పుడు ఫ్లాస్కు తలుపుకి కొట్టుకుంది. లోపల అద్దం పగిలి గలగలమంది. నీళ్లలో మెరుస్తున్న పెంకులు. ఆయన దాన్ని పట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"పగిలిపోయింది" అన్నారు, నాకు కనబడనట్టు.

"పర్లేదు, కూర్చోండి" అన్నాను. పర్లేకపోవడం ఏంటి, చాలా ఉంది. సీసాలో మిగిలిన చల్లార్చిన నీళ్లతో ఒక పూట పాలు కలిపి పట్టాను. పాప తాగి, కొంచెంసేపటికి మొత్తం కక్కేసింది. ఆ తర్వాత బండి ఏదో చిన్న స్టేషను దాటి, మైదానం మధ్యలో ఆగిపోయింది. సిగ్నల్ అన్నారు, ముందు ఏదో బండి చెడిందన్నారు. గంట, గంటన్నర, రెండు గంటలు. ఇనుప పెట్టెలో ఉడికినట్టుంది. కిటికీకి కట్టిన గుడ్డ తడిపిన నిమిషానికే ఆరిపోతోంది. అమ్మేవాడు లేడు, తాగే నీళ్లు లేవు.

పాప ఏడవడం మానేసింది. పెదాలు ఆరిపోయి, కళ్లు సగం మూసి పడుకుంది. పొద్దున మార్చిన గుడ్డ అలాగే పొడిగా ఉంది. అరికాళ్ల మీద వేలితో కొట్టాను, కదల్లేదు. "బావగారూ, పాప ఏడవట్లేదండీ" అన్నాను. ఆయన లేచి నిలబడి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నారు.

పక్క వరసలో, బల్లార్షాలో ఎక్కిన ఒకావిడ ఉంది, ఏడాది పిల్లాడితో. కూలిపనికి వెళ్లి ఊరికి తిరిగొస్తున్నవాళ్లు. చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నట్టుంది.

"ఏందమ్మా, పోరి గట్ల వాడిపోయింది? పాలియ్యలేదా?"

"డబ్బా పాలండి. కలపడానికి నీళ్లు లేవు."

"డబ్బా పాలెందుకు? నీకు పడ్తలేవా?"

బోగీలో నాలుగు తలలు నా వైపు తిరిగాయి. నెల రోజులుగా ఆ మాట నేను ఎవరికీ చెప్పే అవసరం రాలేదు, తెలిసినవాళ్లకి తెలుసు.

"ఈ పిల్లకి తల్లి లేదండి" అన్నాను. "నేను పిన్నిని."

ఆవిడ ఒళ్లో పిల్లాడి చేతికి బిస్కెట్ ముక్క ఇచ్చి కింద కూర్చోబెట్టి, "ఇటియ్యి" అని చేతులు చాపింది. నాకు ఒక్క క్షణం చేతులు రాలేదు. ఎవరో, ఏమిటో, మామ్మగారు చెప్పినవాటిలో ఇది లేదు. తర్వాత ఇచ్చేశాను.

పాపకి ఎలా తాగాలో తెలియలేదు. తొమ్మిది రోజుల అలవాటు మరిచిపోయింది. ఆవిడ పెదాల మీద రెండు చుక్కలు పిండి, బుగ్గ మీద వేలితో నిమిరి, "తాగు బిడ్డా, తాగు" అంటూ ఓపిగ్గా కూర్చుంది. చివరికి పట్టుకుంది. గుటకలు వినపడ్డాయి. బావగారు లేచి తలుపు దగ్గరికి వెళ్లిపోయారు. నిలబడి, కడ్డీకి తల ఆనించుకున్నారు. ఆయన భుజాలు ఊగుతుంటే, అప్పుడు నాకు తెలిసింది ఆయన సూరత్‌లో చెప్పులు వేసుకుని ఎందుకు బయటికి వెళ్లేవారో. నా కోపం అక్కడితో పోయింది. పోయాక ఆ చోట ఏమీ మిగల్లేదు.

బండి కదిలింది. వరంగల్లో దిగేముందు ఆవిడ ఇంకోసారి తాగించింది. పాప గుడ్డ తడిపింది. నేను ఆ తడిగుడ్డ పట్టుకుని ఏడ్చాను. ఆవిడ మూట నెత్తిన పెట్టుకుని, పిల్లాడిని చంకనేసుకుని, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయింది.

"పేరు అడగాల్సింది" అన్నారు బావగారు. ఆ ప్రయాణంలో ఆయన తనంతట తానుగా నాతో మాట్లాడిన రెండో మాట అది.

బెజవాడలో నర్సాపురం పాసింజరు పట్టుకుని పాలకొల్లు చేరాం. అమ్మ పాపని తీసుకుని చెవులు, వేళ్లు, అరికాళ్లు వరసగా చూసింది. "దీనికి దాని చెవులే" అని, పాపతో లోపలికి వెళ్లిపోయింది. బావగారు మూడోరోజు వెళ్లిపోయారు.

పాప మా ఇంట్లో బోర్లా పడింది, పాకింది, గడప దాటింది. నేను సాయంత్రం స్కూలు నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేది. ఏడాది తిరిగాక పెద్దవాళ్లు నన్ను బావగారికి ఇస్తే బాగుంటుందన్నారు. నన్నడిగితే తల దించుకున్నాను. అది ఒప్పుకోవడమే. ఆయన నాన్నకి ఉత్తరం రాశారు. 'మీ చిన్నమ్మాయి గారంటే నాకు చాలా గౌరవం. కానీ ఆవిడ గొంతు, మా ఆవిడ గొంతు ఒకటే. వింటూ బతకలేను. క్షమించండి.' నాన్న ఆ కాగితం నాకిచ్చి, వీధిలోకి వెళ్లిపోయారు. నాకు బాధ కలిగింది ఆయన గురించి కాదు, పాప గురించి.

పాపకి ఇరవయ్యో నెలలో ఆయన కొత్త భార్యతో వచ్చారు. పాపని తీసుకెళతామన్నారు. న్యాయమే, ఆయన కూతురు. కొత్తావిడది నా వయసే. వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"రైల్లో ఏడిస్తే ఏం చెయ్యాలండీ? నేను ఒక్కదాన్నే కూతుర్ని. పిల్లల్ని ఎత్తుకున్నదే లేదు."

చెప్పకూడదనిపించింది. నిజం రాస్తున్నాను, ఏడిస్తే ఏడవనీ అనిపించింది. తర్వాత నోటుబుక్కులోంచి కాగితం చింపి కూర్చున్నాను. పెరుగన్నం పొద్దుటికే, మధ్యాహ్నానికి పులిసిపోతుంది, అటుకులు పట్టుకెళ్లండి. తలుపు పక్క సీటు వద్దు. నడక నేర్చిన పిల్ల, స్టేషన్లలో చెయ్యి వదలకండి. గౌను జేబులో అడ్రసు చీటీ పెట్టండి. నీళ్లు రెండు చోట్ల ఉంచుకోండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. పక్కనున్న మనిషి చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు, ఎవరి చెవైనా పర్లేదు. ఇంకొకటి రాయలేదు. నిద్ర లేవగానే 'అమ్మా' అని నన్ను వెతుక్కుంటుందని రాయలేదు.

వాళ్లు బయల్దేరిన రోజు నేను స్కూలుకి సెలవు పెట్టలేదు. మూడో తరగతికి గుణకారాలు చెప్పాను. పాసింజరు వెళ్లే టైం తెలుసు. గడియారం వైపు చూడకుండా బోర్డు వైపే తిరిగి రాస్తూ ఉండిపోయాను.

బాగా చూసుకున్నారు పాపని, అందులో నాకు అనుమానం లేదు. ఆ కొత్తావిడ ఆర్నెల్లకోసారి ఉత్తరం రాసేది. తర్వాత వాళ్లకి ఒక బాబు పుట్టాడు, ఉత్తరాలు తగ్గాయి. నాకు పెళ్లయింది, పిల్లలు కలగలేదు. పాపకి పదేళ్లప్పుడు మా నాన్న పోతే అందరూ వచ్చారు. పాప పొడుగ్గా, రెండు జడలతో ఉంది, తెలుగు కొంచెం ఆగి ఆగి మాట్లాడుతోంది. చెవులు అక్కవే. నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో అడగబోయి మొహమాటపడింది.

"ఏంటమ్మా?" అన్నాను.

"పిన్నిగారూ, మీ ఇంట్లో బాత్రూం ఎటువైపండీ?" అంది.

చూపించాను.