హనీనా అత్త కడిగిన గోధుమలు

మా అత్త హనీనా దేవుడి తర్వాత తాళాన్నే నమ్మేది. కొట్టుగదికి ఒకటి, నూనె జాడీకి ఒకటి, ఆఖరికి పంచదార డబ్బాకి కూడా ఒకటి. తాళంచెవులన్నీ నడుముకు కట్టుకుని తిరిగేది కాబట్టి ఆవిడ ఎక్కడుందో చప్పుడును బట్టి తెలిసేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను పంచదార అడిగితే, "ఎందుకు?" అంది. టీలోకి అన్నాను. నమ్మలేదు.

యుద్ధం ఆగిన ఏడాది వానలు మొహం చాటేశాయి. మా ఊరు సెఫ్రూ చుట్టూ పొలాలు బీడుపడ్డాయి. యూదుల పేటలో సగం ఇళ్ళలో రోజుకొక్కపూటే పొయ్యి వెలిగేది. మా ఇంట్లో మిగిలింది ఒక్క గోధుమ మూట. పస్కా పండగ రేపనగా, అమ్మినవాడు అందులో మట్టి కలిపాడని మా అత్తకి అనుమానం వచ్చింది. మూటంతా గంగాళంలో పోసి కడిగేసింది.

నేను చూసేసరికే అయిపోయింది. "అత్తా, తడి తగిలిన గోధుమ పండగకి ఇంట్లో ఉండకూడదు కదా," అన్నాను.

ఆవిడ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

పండగ ఎనిమిది రోజులూ పులిసేదేదీ మా ఇంట్లో ఉండకూడదు, మా కంట పడకూడదు. తడిసిన గోధుమా అంతే. పారేయాలి, లేదా పరాయి మతం వాళ్ళకి అమ్మేయాలి. అమ్మితే నిజంగా అమ్మినట్టే. పండగ వెళ్ళాక తిరిగిస్తే వాళ్ళ మంచితనం, ఇవ్వకపోతే అడిగే హక్కు మనకి లేదు. పక్కింటి లహ్సేన్ ఏటా మా పిండి అలా కొని, ఏటా తిరిగిచ్చేవాడు. గాడిదలకి జీనులు కుట్టే ముస్లిం అతను. అయితే ఈసారి అతని ఇంట్లోనూ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. గోడకి ఇవతల మాకు రోజూ వినబడుతూనే ఉంది.

మా అత్త లహ్సేన్‌కి అమ్మే మూటకి ముడి మీద ముడి వేసింది. పైన మైనం కూడా అద్దింది.

లహ్సేన్ దాన్ని భుజానికెత్తుకుంటూ నవ్వాడు. "అక్కా, ఇది మూటా, ఖైదీనా?"

"నీ పని నువ్వు చూసుకో నాయనా," అంది మా అత్త.

పండగ మూడో రోజున గోడవతల తిరగలి చప్పుడు మొదలైంది. మా అత్త చెవి గోడకి ఆనించి చాలాసేపు నిలబడింది. "విన్నావా? వాడి కొంపలో విసరడానికి గింజెక్కడిది?"

"ఎవరైనా ఇచ్చారేమో."

"ఈ కరువులో గింజలిచ్చే మొహం ఎవరిదే? వెళ్ళి నిప్పు అడిగినట్టు అడిగి, చూసిరా."

వెళ్ళాను. లహ్సేన్ భార్య ఇట్టో మేడ మీద ఉంది. ఆమె ముందు గోధుమలు ఆరబోసి ఉన్నాయి, మా మూట ఖాళీగా పక్కన పడి ఉంది. నన్ను చూడగానే ఇట్టో కంగారుగా దుప్పటి లాగి గింజల మీద కప్పేసింది. "నిప్పు కిందుంది ఫ్రేహా, తీసుకెళ్ళు," అంది. నా మొహం చూడలేదు.

అప్పటిదాకా అత్త అనుమానాలకి నవ్వుకునేదాన్ని. ఆ దుప్పటి చూశాక నాకూ అనుమానం పట్టుకుంది. పండగ అయ్యాక మా పిల్లలకి ఏం పెట్టాలి?

నేను చూసింది చెప్పాక మా అత్త తిట్టడం కూడా మానేసింది. సంఘం పంచిన పులియని రొట్టె విరుచుకుని తింటూ గోడ వైపే చూసేది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

పండగ ముగిసిన సాయంత్రం మీమూనా. పేటలో ప్రతి ఇంటి తలుపూ బార్లా తెరిచి పెడతారు. బల్ల మీద పిండి, తేనె, పొలం నుంచి తెచ్చిన పచ్చి గోధుమ కంకులు ఉండాలి. వచ్చేవాళ్ళంతా వచ్చి కొత్త ఏడు పచ్చగా ఉండాలని దీవించి, పలచటి రొట్టెలు తిని వెళతారు. మా బల్ల మీద ఖాళీ పళ్ళెం పెట్టి, మా అత్త తలుపుకి గడియ వేసింది.

"మీమూనా నాడు గడియేమిటత్తా?"

"ఏముందని తియ్యమంటావే?"

అంతలో తలుపు తట్టారు. నేనే వెళ్ళి తీశాను. లహ్సేన్ నెత్తిన పిండి మూటతో, ఇట్టో చేతిలో మట్టి మూకుడుతో నిలబడి ఉన్నారు.

"తడి ఆరకుండానే కట్టేశావేంటక్కా," అన్నాడు లహ్సేన్ మూట దించుతూ. "మర్నాటికే వేడెక్కి కుళ్ళు వాసన కొట్టింది. నీ ముళ్ళు విప్పలేక గుడ్డ కోసేశాను. ఆరబోసి, ఆరినవి ఆరినట్టు విసిరాం. మా చిన్నది ఒక గుప్పెడు నమిలేసింది. అబద్ధమెందుకు చెప్పాలి?"

మా అత్త ఇట్టో వైపు తిరిగింది. "మరి మా కోడల్ని చూసి దుప్పటి ఎందుకు కప్పావు?"

ఇట్టో తెల్లబోయింది. "పండగ రోజుల్లో మీ కంట పడకూడదు కదక్కా. నువ్వేగా చెప్పావు."

ఇట్టో మూకుడు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొలకెత్తిపోయిన గింజల్ని పారేయకుండా అందులో మట్టి పోసి చల్లిందట. జానెడు కూడా లేని పచ్చటి గోధుమ మొక్కలు. ఆ ఏడు పేట మొత్తం మీద ఏ ఇంటి బల్ల మీదా పచ్చటి పరక లేదు, మా ఇంట్లో తప్ప.

మా అత్త పిండిని వేళ్ళతో నలిపి చూసింది. "బరకగా విసిరారు," అంది. మొదటి రొట్టె కాల్చి, జాడీ అడుగున మిగిలిన తేనె రాసి, లహ్సేన్ చిన్న కూతురికి తనే తీసుకెళ్ళి తినిపించింది. ఆవిడ తిరిగొచ్చేదాకా మా తలుపు తెరిచే ఉంది. వచ్చాక కూడా గడియ వేయలేదు.

మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి. పస్కా ముందు మా అత్త లహ్సేన్‌కి పిండి మూట ఇస్తూ మళ్ళీ ముడి వేసింది. ఒక్కటే ముడి, అదీ పసిపిల్ల లాగినా ఊడిపోయేలా.