చిత్తం అనాల్సిన చోట ఆయ్

"కోటసాని" నవల చదివినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకి నేనొక మాట చెప్పాలి. అందులో కోటలోని పరిచారిక ఒకచోట "చిత్తం" అనాల్సింది "ఆయ్" అంటుంది. మా కోనసీమలో అవునండీ అనడానికి బదులు అనే ఆ ఆయ్ రచయితది కాదు, నాది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఈ సంగతి చెప్పకుండా ఉండిపోయాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని సర్దుకుందామన్నా వీల్లేదు, ఎందుకంటే అడగవలసిన మనిషి ఒకసారి సూటిగానే అడిగింది.

మొన్న వేసవిలో మా అమ్మాయి తన ఫోన్లో పాత నవలలు చదివేవాళ్ళ గ్రూపొకటి చూపించి, ఇది మీ కాలంలోదేనా నాన్నా అంది. ఎవరో పాత వారపత్రికల్లోంచి కోటసాని సీరియల్ పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టారు. కింద వరసగా పాఠకుల అభిప్రాయాలు. భాష కమ్మగా ఉందని ఒకరు, రేవు వర్ణన చదువుతుంటే ఉప్పుగాలి మొహానికి తగిలిందని ఒకరు మెచ్చుకున్నారు. ఆ తరవాత తిట్లు మొదలయ్యాయి. అంత పౌరుషం ఉన్న పిల్ల చివరికి వెళ్ళి మొగుడి కాళ్ళ మీద పడడమేమిటని కొందరు, చివరి రెండు వారాలూ వేరే ఎవరో రాసి ఉంటారని ఒకాయన అనుమానం, ఆ ఆయ్ దగ్గరే రచయిత చెవి మొద్దుబారిపోయిందని, కథ అక్కణ్ణుంచే జారిపోయిందని ఇంకొకాయన తీర్పు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. చెవి మొద్దుబారింది అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఎనభైల చివర్లో నాకు కొత్తపేట గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం. భోజనం మాత్రం మా నాన్నగారి చెల్లెలింట్లో. అత్తయ్య ఆ ఊళ్ళోనే ఆడపిల్లల హైస్కూల్లో టీచరు. మావయ్యగారికి ఆవిడ రెండో సంబంధం, ఇద్దరికీ వయసులో ఇరవై ఏళ్ళ తేడా. మావయ్యగారు చెడ్డమనిషని నేననను. కొబ్బరితోట చూసుకునేవారు, ఎవరితోనూ గొంతు పెంచేవారు కాదు, సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ పంచె కట్టుకుని లైబ్రరీకి వచ్చి పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివి వెళ్ళేవారు. ఒక్కటే ఆయన అలవాటు. భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద కలిపి, వాసన చూసి గాని నోట్లో పెట్టుకునేవారు కాదు. మొదటి భార్య ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటేనట. నేను పక్కనే కూర్చుని తింటూ కూడా ఎప్పుడూ పట్టించుకోలేదు.

అత్తయ్య నవల రాస్తోందని ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. ఆవిడ రాత కోడి గీసినట్టుండేది, నా దస్తూరీ ముత్యాల్లా ఉండేదని అందరూ అనేవారు. అందుకని చిత్తుప్రతి నాకిచ్చేది, నేను లైబ్రరీలో నా బల్ల దగ్గర కూర్చుని ఖాళీ సమయంలో సాపు చేసేవాణ్ణి. ఆవిడ ఒకసారి చూసుకున్నాక, మన పోస్టాఫీసు ముద్ర పడకుండా, రావులపాలెం వెళ్ళి పోస్టులో వేసేవాణ్ణి. సాపుప్రతి చేతికి రాగానే చిత్తుప్రతి పొయ్యిలో పెట్టేసేది. ఎక్కడో తెలంగాణావాళ్ళనిపించేలా ఒక మగపేరు పెట్టుకుంది. ప్రతి వాక్యమూ పైకి చదువుకుని, అందులో మన గోదావరి యాస ఎక్కడైనా తగులుతోందేమోనని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేసేది. అంత జాగ్రత్త ఎందుకో నాకు సాపు చేస్తుంటే అర్థమైంది. రెడ్డిరాజుల కాలంలో గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక కోట, అందులో ఒక ముసలి సామంతుడు, అతని రెండో భార్య కోటసాని, రేవులో ఓడల సుంకం చూసే యువకుడు, ఇదీ కథ. ఆ సామంతుడికి విషం పెడతారని భయం. భార్య వడ్డించి ఎదురుగా నిలబడి ఉండగా మొదటి ముద్ద వాసన చూస్తాడు. ఆ ముద్ద అతని ముక్కు దగ్గరకి వెళ్ళి నోటికి చేరేలోపు ఆమె మనసులో ఏం జరిగేదో అత్తయ్య రాసిన పేజీ సాపు చేస్తూ మధ్యలో కలం కింద పెట్టేశాను. ఆ మధ్యాహ్నం మావయ్యగారి పక్కన కూర్చుని అన్నం తినడానికి సిగ్గేసింది.

సీరియల్ మొదలైన కొద్దివారాలకే కొత్తపేట అంతా దాని మీద పడింది. ఆ వారపత్రిక ఎవరూ చంకలో పెట్టుకుని పోకుండా పురికొసతో బల్లకి కట్టి ఉంచేవాళ్ళం, అందుకని చదివేవాళ్ళు చదువుతుంటే చుట్టూ నిలబడినవాళ్ళు వింటూ అక్కడికక్కడే అభిప్రాయాలు చెప్పేవారు. వాళ్ళలో ముఖ్యులు రిటైరైన హెడ్మాస్టరుగారు. సంసారుల ఇళ్ళలోకి వెళ్ళే పత్రికలో సాని అన్న పేరేమిటండీ అని మొదటివారమే పేచీ పెట్టేరు. అత్తయ్యతో పాటు పనిచేసే పంతులమ్మగారు ఒకరుండేవారు, ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా లైబ్రరీకి వచ్చేవారు. ఆవిడ ఊరుకోలేదు. ద్రాక్షారామం వెళ్ళినప్పుడు గుడి రాళ్ళ మీద చూడండి మాస్టారూ, సాని అంటే రాణులకి పెట్టుకునే పేరు, మనం పాడుచేసుకున్నాం గాని అన్నారు. హెడ్మాస్టరుగారు అప్పటికి తగ్గినా, ఇది రాసినవాడి ఉద్దేశం మంచిది కాదన్న అనుమానం మాత్రం వదులుకోలేదు. వారం వారం ఆయన చదివేది కథని కాదు, రాసినవాణ్ణి.

ఈ మాటలన్నీ నేను మోసుకెళ్ళి వంటింట్లో అత్తయ్యకి చెప్పేవాణ్ణి. పొయ్యి ముందు కూర్చుని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నా జీవితంలో నేను ఎవరికైనా అంత అవసరమైన రోజులు మళ్ళీ రాలేదు. ఆ గర్వమే తరవాత నా నోరు నొక్కేసింది.

ఒక వారం అత్తయ్యకి జ్వరం. సాపుప్రతి చూడకుండానే పంపించెయ్యమంది. నేను బల్ల దగ్గర రాసుకుంటున్నాను. కోటసాని పరిచారికని, రేవుకి వెళ్ళి వచ్చావా అని అడుగుతుంది. చిత్తుప్రతిలో "చిత్తం" అనే ఉంది, నాకు బాగా గుర్తు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచి, "ఏమోయ్, నిన్నటి పేపరు తీసి ఉంచేవా?" అన్నారు. నేను తలెత్తకుండా "ఆయ్" అన్నాను. నోరు అన్నదే చెయ్యి కూడా రాసింది. మనవాళ్ళకి ఆయ్ అన్నది మాటే కాదు కదా, ఊపిరి. అన్నామని కూడా తెలీదు. పేపరు తీసి ఆయనకిచ్చి, కవరు అంటించి, రావులపాలెం బస్సెక్కాను.

అది అచ్చై వచ్చిన సాయంత్రం లైబ్రరీ నిండా జనం. హెడ్మాస్టరుగారు బల్ల ముందు కూర్చుని పైకి చదువుతూ చదువుతూ ఠక్కున ఆగి, వేలు ఆ మాట మీద పెట్టి, చుట్టూ చూశారు.

"దొరికేడండీ దొంగ. రెడ్డిరాజుల కాలం నాటి దాసీ ఆయ్ అంటోంది. ఇంతకాలం పరాయి ఊరివాడిలా వేషం వేసేడు. వీడు మనవాడే. ఈ కొత్తపేట బస్టాండులో టీ తాగినవాడే."

అందరూ ఒకటే నవ్వు. మావయ్యగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చదువుతున్న పేపరు నెమ్మదిగా మడిచి, "అయితే మాస్టారూ, ఆ ముద్ద వాసన చూసే ముసలాడు కూడా మనవాడే అయ్యుంటాడండి" అన్నారు. ఆయన నవ్వలేదు. గొంతులో కోపం కూడా లేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు భోజనానికి కూర్చున్నప్పుడు మావయ్యగారు మొదటి ముద్ద వాసన చూడలేదు. కలిపి తిన్నగా నోట్లో పెట్టుకున్నారు. అత్తయ్య చేతిలో నెయ్యి గరిటె అలాగే ఆగిపోయింది. మర్నాడూ అంతే. ఆ తరవాత పోయేదాకా ఆయన ఎప్పుడూ ముద్ద వాసన చూడలేదు, ఆ సీరియల్ గురించి ఇంట్లో ఒక్క మాటా అనలేదు. అడిగి ఉంటే అత్తయ్య ఏదో ఒకటి చెప్పి ఉండేది. అరిచి ఉంటే ఏడ్చి ఉండేది. ఆ అలవాటు మానేసి ఆయన మామూలుగా అన్నం తినడం చూస్తూ ఆవిడ అన్నేళ్ళు ఎదురుగా నిలబడవలసివచ్చింది.

ఊరు మాత్రం వేటలో పడింది. హెడ్మాస్టరుగారు లైబ్రరీకి వచ్చిన ప్రతి పంతులునీ తెలుగులో ఏదో ఒకటి అడిగి, జవాబు చెప్పే తీరు పరీక్షించేవారు. అమలాపురం కాలేజీ లెక్చరర్లని అనుమానించారు, ముమ్మిడివరంలో ఎవరో పద్యాలు రాసే కంపౌండరుని అనుమానించారు. ఒకరోజు నా బల్ల మీదున్న కాగితాల కేసి చూసి, "నీ దస్తూరీ బావుంటుందోయ్" అన్నారు. ఊరికే అన్నారో కావాలని అన్నారో నాకు ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం ఆ కాగితాలు సొరుగులోకి తోసేశాను.

ఆ వారంలోనే, జ్వరం తగ్గినా నీరసం ఇంకా వదలని అత్తయ్య పెరట్లో నూతిగట్టు మీద కూర్చుని నన్ను పిలిచింది. ఆవిడ చేతిలో ఆ పత్రిక ఉంది. చూసుకోవడానికి చిత్తుప్రతి లేదు, నేను తిరిగి తెచ్చివ్వగానే అది ఎప్పటిలాగే పొయ్యిలో బూడిదైపోయింది. "ఒరే అబ్బాయ్, ఇది నేనే రాశానా?" అంది. అనుమానం నా మీద కాదు, ఆవిడ మీద ఆవిడకే. నేను నిజం చెబితే ఇక సాపు పని నాకివ్వదు. అది ఒక భయం. హెడ్మాస్టరుగారి కళ్ళు ఇంకొక భయం. ఇవన్నీ తరవాత తీరిగ్గా వెతుక్కున్న కారణాలు. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది ఒకటే.

"ఆయ్" అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఇన్నిసార్లు ఏరుకున్నా తగిలిందన్నమాట, నా చెవి నన్నే మోసం చేసిందిరా అని పత్రిక మడిచేసింది.

అసలు ముగింపు నాకు ముందే చెప్పింది. కోటసాని సామంతుడి దగ్గరా ఉండదు, సుంకం చూసే కుర్రాడి వెంటా పోదు. పల్లకీ వెనక్కి పంపేసి, రేవులో తనే గద్దె వేయించుకుని కూర్చుని, ఓడల వాళ్ళ చేత సుంకం కట్టించుకుంటుంది. ఆ పేజీలు రాయనే లేదు. వాటి బదులు, ఇప్పుడు ఫోన్లో అందరూ తిడుతున్నారే, కాళ్ళ మీద పడే ఆ ముగింపు రాసిచ్చింది. రాసింది ఆవిడే, సాపు చేసింది నేనే. వేరే ఎవరో రాశారన్న ఆ పెద్దమనిషికి ఇదే నా జవాబు. ఆనాడు హెడ్మాస్టరుగారు కథ దారిలో పడిందని సంతోషించారు. పంతులమ్మగారు మాత్రం చదివి, పత్రిక బల్ల మీద బోర్లా పెట్టి, ఈ అమ్మాయిని ఎవరో భయపెట్టేరండీ అన్నారు. ఏ అమ్మాయిని అన్నారో నేను అడగలేదు. అత్తయ్య మళ్ళీ ఏమీ రాయలేదు. రెండో నవలకి పేరు కూడా పెట్టుకుంది. అది ఆవిడది, నేను చెప్పను.

మావయ్యగారు పోయి చాలా ఏళ్ళైంది. అత్తయ్య ఇప్పుడు అమలాపురంలో, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న అమ్మాయి ఇంటి మేడ మీద ఉంటోంది. ఈమధ్య కొత్తపేట వెళ్ళినప్పుడు లైబ్రరీలోకి తొంగిచూశాను. అదే బల్ల ఉంది, పురికొస కట్టే మేకు కూడా ఉంది, దాని చుట్టూ తోసుకునే మనుషులే లేరు. ఒక్క మాట పట్టుకుని నెలల తరబడి ఊరంతా కొట్లాడుకునే తీరిక పోయింది, ఆ పట్టుదలా పోయింది. ఇప్పుడు అభిప్రాయం చెప్పేవాళ్ళ మొహం కనపడదు, ఎవరిని అంటున్నారో వాళ్ళకీ తెలీదు. మా వీధిలో పిల్లలు ఓకే అంటారు. ఆయ్ అన్న మాట టీవీలో నవ్వించేవాళ్ళకి మిగిలింది. మేము దాన్ని నవ్వించడానికి అనేవాళ్ళం కాదు.

ఫోన్లో ఆ తీర్పు చదివిన వారానికే అమలాపురం వెళ్ళాను. అత్తయ్యకి కంటి ఆపరేషనైంది. చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని మంచం మీద పడుకుని ఉంది. కోటసాని మళ్ళీ ఫోన్లోకి వచ్చిందని చెప్పగానే, పాఠకులు ఏమంటున్నార్రా అని మునుపటి లాగే అడిగింది. మెచ్చుకున్నవీ తిట్టినవీ అన్నీ చెప్పాను. చెవి సంగతి కూడా దాచలేదు. అప్పుడు చెప్పాను, చిత్తుప్రతిలో చిత్తం అనే ఉందని, హెడ్మాస్టరుగారికి జవాబు చెబుతూ నేనే ఆయ్ రాశానని, నూతిగట్టు దగ్గర అడిగితే అబద్ధమాడానని. క్షమించమని అడిగాను. అడిగేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని ఉండడం నాకు కాస్త సులువైందని కూడా ఒప్పుకోవాలి.

కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేస్తున్నారు. అది వెళ్ళిపోయాక, కళ్ళు తెరవకుండానే అంది.

"అయితే నా చెవి బాగానే ఉండేదన్నమాట."

"ఆయ్" అన్నాను.