తలకు కట్టిన జాకెట్టు ముక్క

మొన్న పాత రికార్డుల షాపులో ఒక పాటల రికార్డు అట్ట మీద ఓపల్ ఆంటీ కనిపించింది. ఎనభైల్లో డెట్రాయిట్‌లో మా పక్కింటావిడ, నల్లవాళ్ల సోల్ సంగీతంలో తన పాటలు తనే రాసుకుని పాడే సింగర్.

ఒక దసరాకి మా బొమ్మల కొలువు పేరంటానికొచ్చింది. అందరూ తలో పాటా పాడుతుంటే తనూ గొంతెత్తి తన పాటే పాడింది.

"కొలువు ముందు ఇంగ్లీషు పాటేంటండీ?" అని ఒక ఆంటీ సణిగింది.

"ఏం, అమ్మవారికి ఇంగ్లీషు రాదా?" అంది అమ్మ. అందరికీ ఇచ్చినట్టే ఓపల్ ఆంటీకీ బొట్టుపెట్టి, జరీ అంచు ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఇచ్చింది. చీరే కట్టని మనిషికి జాకెట్టు ముక్కేంటని నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అట్ట మీద ఆంటీ తలకు చుట్టుకున్నది ఆ ముక్కే. వెనక ఆవిడ మాటలు అచ్చేశారు: "ఫొటోకి ఈ గుడ్డ తీసెయ్యమన్నారు. ఇది నా పాటకు ఇచ్చిన మర్యాద, తియ్యనన్నాను."