మత్తడి దూకబోయిన నాడె

చెరువులో చేపను పట్టినవాళ్లను మీరు చూసే ఉంటారు. చెరువులో వల వేసి వంకాయను పట్టినవాణ్ణి చూసి ఉండరు. వరంగల్‌లో ఒకడు పట్టాడు. ఆ వంకాయను నీళ్లలోకి వదిలిన మహానుభావుణ్ణి నేనే. ఒక్క పొద్దుటి పూటలో ఒకాయన చేపను పోగొట్టి, ఒకావిడ ఉతికిన బట్టలన్నీ పాడుచేసి, ఆడుకునే పిల్లల చేత కూడా "పాపం, గీయనకు బుద్ధి తక్కువ" అనిపించుకున్నాను. అంతా ఒక సినిమా వల్ల. సినిమాలు చూసి చెడిపోతున్నారని కుర్రకారును తిడతారు కదా, నేను పెళ్లయి మీసాలు పెరిగాక, అదీ పసిపిల్లల సినిమా చూసి చెడిపోయాను. ఇప్పుడు నవ్వుకోండి, మధ్యలో ఆపి నన్ను జాలిగా చూడకండి.

నాది నర్సంపేట పక్క పల్లె. సాలోళ్ల ఇంట పుట్టాను గాని మా నాయన కాలానికే ఇంట్లో మగ్గం మూలపడి నాగలి వచ్చింది. డెబ్బైల చివర్లో వరంగల్ కొత్తవాడకు ఇల్లరికం వచ్చాను. మా మామ నర్సయ్య జంపఖానాలు నేసేవాడు. ఆయన నేసిన జంపఖానా మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు, ఆయన ఎదురుగా కూర్చుంటే లేచిపోవాలనిపిస్తుంది. అంత కోపిష్టి.

ఇల్లరికం అల్లుడికి ఏ మర్యాద జరిగినా జరగకపోయినా మగ్గం మాత్రం దక్కుతుందని వచ్చాను. దక్కలేదు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంటమగ్గం మాది. ఆ గుంట దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. ముసలివాళ్లూ ఆడవాళ్లూ చేసే పని, కండెలకు దారం చుట్టడం, అది నాకు అప్పగించాడు. వాడకట్టులో మొగవాళ్లంతా మగ్గాల మీద టకటకలాడిస్తుంటే నేను అరుగు మీద రాట్నం తిప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. దారిన పోయే ముసలమ్మలు ఆగి, "కొడుకా, నీ చెయ్యి మంచిగ తిరుగుతాంది, మా కండెలు గూడ చుట్టియ్యరాదు" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా రాట్నంతో పాటు నేనూ నేలలోకి దిగిపోతే బాగుండుననిపించేది.

ఇలా ఉండగా వానాకాలంలో ఒకరోజు సర్కారు వాళ్ల ప్రచారపు బండి మా వాడకు వచ్చింది. గోడకు తెల్ల తెర కట్టి చీకటి పడగానే సినిమాలు వేశారు. ఇద్దరు పిల్లలు చాలని ఒకటి, దోమలు కుడతాయని ఒకటి. ఆ రెండు సంగతులూ మాకు ముందే తెలుసు. మూడోది మాత్రం పిల్లల సినిమా. ఏదో చల్లటి దేశం. ఒక పిల్ల చేతిలోంచి చెక్క బాతు బొమ్మ జారి వాగులో పడుతుంది. ఇక అంతే, అది ప్రయాణం కడుతుంది. వంతెనల కింద నుంచి పోతుంది, మంచుగడ్డల మధ్య ఇరుక్కుంటుంది, కుక్క నోట పడి తప్పించుకుంటుంది. నాకు అప్పటికి చదువు రాదు, తెర మీది అక్షరాలు నాకు చీమల బారే. మాటలు కూడా ఇంగ్లీషే. అయినా ఆ బాతు కష్టం నాకు అర్థమైనంతగా మా మామ మాటలు కూడా ఏనాడూ అర్థం కాలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. నేను చీదలేదు గాని, తుడుచుకున్నాను.

చివరికి బాతు ఒక పెద్ద జలపాతం అంచుకు వచ్చింది. నీళ్లు హోరుమంటున్నాయి. బాతు అంచు మీద ఊగుతోంది. పడబోతోంది. సరిగ్గా అప్పుడు బండిలోని జనరేటరు దగ్గి, తుమ్మి, ప్రాణం విడిచింది. తెర నల్లబడింది.

"ఏమైంది? బాతు ఏమైంది?" అని వాడంతా లేచింది.

"జనరేటరు ఖరాబైందయ్యా. రేపు తొర్రూరుల ఆట ఉన్నది, పోవాలె" అని బండి మనిషి తెర చుట్టేశాడు.

"కథన్న చెప్పిపోరాదు తమ్మీ!"

"నేనెన్నడు జూసిన? నేను మిషినే జూస్త" అని బండెక్కాడు.

ఇక మా వాడలో చర్చ మొదలైంది. మా మామ తువ్వాలు దులుపుకుంటూ తీర్పు చెప్పాడు. "అయిపోయింది దాని కథ. చెక్కముక్క బండల మీద పడితె ఏమైతది? పొయ్యిల పెట్టుకునే పుల్లలైతది."

నేను నోరు మూసుకుని ఉంటే ఈ పూట మీకు ఈ గోల ఉండేది కాదు. "కాదు మామా, చెక్క మునగదు. నీళ్లతోని దూకి, లేసి, మళ్ల పోతది" అన్నాను.

"నీకెట్ల ఎరుక? నువ్వేమన్న నాడె విసిరినోనివా, మగ్గం మీద కూసున్నోనివా? కండెలు చుట్టెటోనికి చెక్క సంగతేం దెలుస్తది?"

నలుగురూ కిసుక్కుమన్నారు. చెక్క బాతు మీది ప్రేమా, మగ్గం మీది ఆశా ఒక్కసారే పొంగాయి.

"అయితె పందెం మామా! మన చెరువు మత్తడి పారుతాంది గదా. నేనొక చెక్కబొమ్మను వదులుత. అది మత్తడి దూకి మొత్తంగ బయటికొస్తె నన్ను మగ్గం మీద కూసోబెడ్తవా?"

మామ నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. "కూసోబెడ్త. రాకుంటె మాత్రం నువ్వు ముసలోనివయ్యేదాక కండెలు చుట్టాలె. మళ్ల మగ్గం మాటెత్తద్దు."

"ఎత్త."

"అందరు విన్నరు గదా" అన్నాడు మామ. అందరూ విన్నారు. అలాంటివి వినడానికి మా వాడలో చెవిటివాళ్లకు కూడా చెవులు వచ్చేవి.

తెల్లారింది. పందెం ఉంది, చెరువు ఉంది, బొమ్మ లేదు. చెక్కుదామని కత్తి పట్టుకుంటే కట్టె కంటే ముందు వేలు తెగింది. అప్పుడు గోడకు వేలాడుతున్న మామ నాడె కనబడింది. నాడె చూడనివాళ్లకు చెబుతున్నాను, మగ్గం మీద పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తేది అదే. రెండు కొసలూ మొనదేలి, నడుమ తొలిచిన గుంటతో అచ్చం చిన్న పడవలా ఉంటుంది. ఇది మా మామ వాళ్ల నాయన వాడినది, ఏళ్ల తరబడి చేతుల్లో అరిగి అద్దంలా మెరిసేది. ఇంతకంటే మంచి బాతు ఎక్కడ దొరుకుతుంది? తల ఒక్కటే తక్కువ. కూరకు తెచ్చిన వంకాయల్లో ఒకదాన్ని నడిమి గుంటలో దిగేశాను. తొడిమ టోపీలాగా ఎంతో ముద్దుగా ఉంది.

నా భార్య సరోజన చూసింది. "నీకేమన్న మతి ఉన్నదా? గది మా తాత నాడె! నాయినను అడిగినవా?"

"గెలిచినంక అడుగుత."

"కొట్టుకపోతె?"

"ఎట్ల కొట్టుకపోతది? మనం సాలోళ్లం. సినిమా తీసినోళ్లకు తెలివి లేక బాతును ఒట్టిగ వదిలిండ్రు. మనం దారం కడుతం. దూకంగనె మెల్లగ గుంజుకుంటం" అన్నాను.

ఆ క్షణంలో నా తెలివికి నాకే దిష్టి తగులుతుందేమోనని భయమేసింది. పెళ్లివారి జంపఖానా అంచు కోసం మామ నిన్ననే రంగు అద్ది ఆరేసిన ఎర్ర నూలు దండెం మీద ఉంది. దాన్ని తలకాయంత ఉండగా చుట్టి, కొసను నాడెకు కట్టాను. ఆ రంగు ఇంకా పక్కాగా పట్టలేదన్న సంగతి కండెలు చుట్టేవాడికి ఎవరు చెబుతారు? నేను అడిగితే కదా.

చెరువు కట్ట మీదికి వాడంతా వచ్చింది. నిండిన చెరువు పొర్లిపోయే మత్తడి మీద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్నాయి. దూకే చోటికి కొంచెం ఇవతల, ఒక వారగా, చేపలు కిందికి కొట్టుకుపోకుండా చాకలి మల్లమ్మ కొడుకు వరసయ్యే ఐలయ్య అనే ఆయన గుంజలు పాతి వల కట్టుకుని కాచుకున్నాడు. మత్తడి దిగువన బండల మీద మల్లమ్మ తెల్లబట్టలు ఆరేసింది. ఆమె బర్రె పక్కనే నీళ్లలో పడుకుని ఉంది. ఇవన్నీ నా కళ్లకు కనబడ్డాయి. బుర్రకు చేరలేదు.

నాడెను వదిలాను. ఎంత అందంగా పోయిందో! ఎర్రదారం వెనకాల పారుతుంటే, వంకాయ తల పైకెత్తి, పెళ్లికొడుకు గుర్రమెక్కి పోయినట్టు పోయింది. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడే మామ చాయ తాగి తీరుబడిగా వచ్చాడు.

"ఏది నీ బొమ్మ?"

"గదిగో మామా, పోతాంది!"

మామ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మంచిగనే చెక్కినవ్ గని... గది జర నాడె లెక్క కొడతాంది గదరా?"

నేను దారం ఇంకొంచెం వదిలాను.

"మన నాడె లెక్కనే కొడతాంది."

"లెక్క కాదు మామా. నాడెనే."

మామ ముఖంలో రక్తమంతా ఎటుపోయిందో తెలియదు, నూలు తెల్లబడినట్టు తెల్లబడింది. నాడె అప్పటికి అంచుకు జానెడు దూరంలో ఉంది. ఇంకో రెప్పపాటు ఊరుకుంటే దూకేది, బహుశా మొత్తంగా లేచేది కూడా. నేను ఊరుకోలేదు. భయంతో దారాన్ని గట్టిగా వెనక్కి గుంజాను. నాడె గిర్రున తిరిగి వెళ్లి ఐలయ్య వలలో పడింది.

వల కదిలేసరికి ఐలయ్య ఎగిరాడు. "పడ్డదిరో! పెద్దది పడ్డది! కొరమీనే!" అని వల గుంజాడు. ఇటు నేను గుంజాను.

"అబ్బ, ఏం బలముందిరా దీనికి!" అన్నాడు ఐలయ్య, పళ్లు బిగించి.

"గుంజకే అన్నా! గది చేప గాదు!"

"చేప గాకుంటె గింత జోరుగ గుంజుతదా?"

"గుంజేది నేనే!"

ఆయన వినలేదు. వల మొత్తం పైకి లేపాడు. అంతకుముందే అందులో పడి ఉన్న నిజమైన కొరమీను ఒకటి, తొడ కంటే లావుది, సందు దొరికి ఛంగున ఎగిరి మత్తడి దూకి పోయింది. ఆ పొద్దు మత్తడి దూకింది అదొక్కటే. ఐలయ్య చేతికి ఎర్రదారాల చిక్కు, దాని మధ్యన నాడెతో సహా వంకాయ వచ్చాయి. ఆయన వంకాయను ఇటూ అటూ తిప్పి చూసి, "ఓ నర్సన్నా, మీ అల్లుడు చెరువుల కూరగాయలు పెంచుతాండా?" అని అరిచాడు.

నేను ఆయనకు సమాధానం చెప్పే హడావిడిలో నూలు ఉండను వదిలేశాను. అది దొర్లుకుంటూ మత్తడి కిందికి పోయి బర్రె ముక్కు ముందు ఆగింది. బర్రె వాసన చూసింది. కొమ్ముకు దారం తగులుకుంది. ఎర్రది కళ్ల ముందు ఊగుతుంటే దానికేం తోచిందో గాని, తోక లేపి బండల మీదికి పరుగు లంకించుకుంది. ఈ బట్ట మీద నుంచి ఆ బట్ట మీదికి, మళ్లీ ఈ బట్ట మీదికి. తడి దారం ఆనిన చోటల్లా ఎర్ర చార.

"అయ్యో, నా బట్టలు! దవాఖాన డాక్టరు ధోతులు గవి! పెండ్లికి పోవాలంటడు!" అని మల్లమ్మ నెత్తి కొట్టుకుంటూ ఒక ధోతిని తెచ్చి మామ ముందు పరిచింది. "చూడు నర్సన్నా, నీ అల్లుడు చేసిన పని!"

మామ వంగి ఆ ధోతిని చూశాడు. వేలితో చారలు కొలిచాడు. ఆయన నోటి నుంచి నా మీద ఎంత తిట్టు వస్తుందోనని నేను కళ్లు మూసుకున్నాను.

"చారల నడుమ ఎడం గూడ సమానంగ లేదు" అన్నాడు మామ. అంతే అన్నాడు.

నేను ఓడిపోయాను. నాడెకు దెబ్బ తగలలేదు గాని, మత్తడి దూకనే లేదు. ఆ పూటంతా నేను మల్లమ్మ పక్కన కూర్చుని ధోతులు ఉతికాను. చారలు పోలేదు, గులాబీ రంగుకు వచ్చాయి. డాక్టరు పెళ్లికి అవే కట్టుకుని పోయాడనీ, ఎక్కడ నేయించారని ఇద్దరు అడిగారనీ తర్వాత విన్నాను. వినడమే, నిజమో కాదో అడిగే ముఖం నాకు లేదు.

మర్నాడు పొద్దున రాట్నం ముందేసుకుని, ముసలివాణ్ణయ్యే దాకా చేయాల్సిన పని మొదలుపెట్టాను. మామ వచ్చి రాట్నాన్ని కాలితో పక్కకు జరిపాడు.

"లే. మగ్గం గుంటలకు దిగు."

నా చెవులను నేనే నమ్మలేదు. సరోజన కూడా నమ్మలేదు. "నాయినా, పందెం ఓడిపోయిండు గదా?"

"ఓడిపోయిండు బిడ్డా. గందుకే. అరుగు మీద కూసోబెట్టిన, చెరువుకు పోయిండు. ఐలయ్య వద్దంటాండు, మల్లమ్మ వద్దంటాంది. గుంటలకు దించితె కాళ్లు రెండు లోపల్నే ఉంటయ్. ఊరు జర సల్లగుంటది."

వాడంతా దాన్ని జైలంది. నేను మాత్రం పట్టాభిషేకమనుకునే దిగాను. దిగినవాణ్ణి ముప్పై ఏళ్లకు పైగా పైకి రాలేదు.

మరుసటి ఏడు ప్రచారపు బండి మళ్లీ వచ్చింది. ఈసారి జనరేటరు చావలేదు. బాతు జలపాతం దూకింది, మునిగింది, లేచింది, దర్జాగా సముద్రం చేరింది. వాడంతా ఈల వేసింది. నేను మామ వైపు తిరిగి, "చూసినవా మామా? నేను చెప్పలే? మొత్తంగ వచ్చింది!" అన్నాను.

మామ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, "దాని ఎనుక నువ్వు లేవు గదరా, గుంజెటందుకు" అన్నాడు.

అందుకని సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దారం కట్టినదాన్ని దేన్నీ ఈ జన్మలో నీళ్లలోకి వదలను, వదిలినవాళ్ల పక్కన నిలబడను. మొన్న మడికొండలో చుట్టాలింటికి వెళితే, గ్లాసెడు వేడినీళ్లూ, దారానికి వేలాడే చిన్న చాయపత్తి పొట్లమూ తెచ్చి, "నీళ్లల్ల వదులు తాతా, చాయ అయితది" అన్నారు. దండం పెట్టి లేచి, చాయ తాగకుండానే ఇంటికి వచ్చాను.