కర్ర పక్కన నిలబడినవాడు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఒక ఫుట్‌బాల్ ఆటలో బంతి బయటికి పోయిందని చెప్పాను. అంతే. దీనికి ఇంత ఏడుపా అని మీరు నవ్వుతారేమో. నవ్వండి, పర్వాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. మీరు ఎదురుగా కూర్చుని ఉంటే ఈపాటికి ఏదో పని ఉందని లేచి పోయేవాణ్ణి. నేను పిరికివాణ్ణి. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మాది పత్తికొండ వైపు ఒక పల్లె. వాగుకు ఇవతల మా ఊరు, అవతల వాళ్ల ఊరు. రెండింటికీ ఒకటే చర్చి, మా తాతల నాటిది. ఒకే వాక్యం వింటాము, ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకుంటాము. ఈస్టరు మరుసటి రోజు మాత్రం ఒకరి మొహం ఒకరికి పడదు. ఆ రోజు చర్చి వెనక బయలులో రెండూళ్లకూ ఫుట్‌బాల్ పోటీ. ఏనాడో ఒక దొర బంతి తెచ్చి నేర్పించాడంటారు. దొర పోయాడు, బంతి ఉండిపోయింది. నేను ఆడేవాణ్ణి కాదు, నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం. కానీ మా జట్టంటే పిచ్చి. ఆ వారమంతా నాకు అన్నం సయించదు. ప్రభువు లేచిన సంతోషం కంటే నీకు ఫుట్‌బాల్ దిగులే ఎక్కువని మా ఆవిడ దెప్పేది. అది నిజమే.

మా గోలుకు వల ఉండదు. రెండు నీలగిరి కర్రలు, పైన అడ్డంగా ఒక తాడు. వల లేకపోతే బంతి కర్రకు లోపలినుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అని ప్రతిసారీ తగాదా. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఏ ఊరి గోలు దగ్గర ఆ ఊరి మనిషే కర్ర పక్కన నిలబడాలి. సొంత ఊరు ఓడిపోయినా సరే, చూసింది చూసినట్టు చెయ్యెత్తి చెప్పాలి. రెఫరీ ఆ చెయ్యినే చూస్తాడు. ఇదేం పద్ధతి అనుకుంటారు మీరు. కానీ ఏళ్ల తరబడి నడిచింది. నేను పాడు చేసేదాకా నడిచింది.

ఆ ముందు ఏడాది కూడా నేనే నిలబడ్డాను. ఒక బంతి లోపలికి పోయింది. పోయిందని చెప్పాను. ఓడిపోయాము. ఇక చూడండి నా బతుకు! టీ కొట్టు దగ్గరికి పోతే, "ఏమప్పా సత్యమంతుడా, వచ్చే తూరి గూడా వాళ్లనే గెలిపిస్తావా?" అని ఒకడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఇంకొకడు. కొళాయి దగ్గర మా ఆవిణ్ణి కూడా వదల్లేదు. అంతా తమాషాకే. కానీ ఏడాది పొడుగునా ఆ తమాషా వినీ వినీ నాకు మా వీధిలో నడవాలంటేనే భయం పట్టుకుంది. మళ్లీ ఈస్టరు వచ్చింది. మళ్లీ నన్నే నిలబెట్టారు. మావాళ్లు వద్దన్నా, అవతలి ఊరివాళ్లు నేనే కావాలని పట్టుబట్టారు. నన్ను నమ్మారు కదా మరి.

ఆట ఒకటికి ఒకటి నడుస్తోంది. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు డానియేలు బంతి తీసుకుని వచ్చాడు. వాళ్ల ఊరి పిల్లగాడు, ఇరవై దాటి ఉంటాయి, టమాటా తోటల్లో కూలికి పోయేవాడు. ఉత్త కాళ్లతో ఆడేవాడు. పగవాడైనా సరే, వాడి ఆట చూస్తే నాకు ముచ్చటేసేది. ఇద్దరిని దాటించి నేలబారున కొట్టాడు. బంతి కర్రకు లోపలివైపు రాసుకుంటూ పోయి వెనక కంపలో పడింది. నాకు జానెడు దూరంలో. అనుమానమే లేదు, అది గోలు.

దుమ్ము లేచింది. రెఫరీ నావైపు చూశాడు. నా వెనక మా ఊరంతా ఉంది. నేను చెయ్యి పక్కకు చూపించి, "బయట" అన్నాను.

ఆలోచించే అన్నానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. చెయ్యి దానంతటది లేచిందని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. వచ్చే ఏడాదంతా ఆ టీ కొట్టు, ఆ నవ్వులు, అంతా ఒక్క క్షణంలో కళ్ల ముందు కనబడింది. కనబడిన తర్వాతే చెయ్యి లేచింది. ఆట డ్రా అయింది. మావాళ్లు గెలిచినంతగా గంతులేశారు, నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నిజం చెప్పనా? అప్పుడు చాలా హాయిగా ఉండింది.

అంతటితో పోయుంటే ఎంత బాగుండును. డానియేలు ఒప్పుకోలేదు. మాటకు మాట పెరిగి రాళ్లదాకా పోయింది. చివరికి రెండూళ్ల పెద్దలూ కూర్చుని, వచ్చే ఆదివారం ఇద్దరూ చర్చిలో ప్రమాణం చేయాలన్నారు. ఒట్టు పెట్టుకోవద్దని కదా వాక్యమని పాస్టరుగారు మొత్తుకున్నారు. ఎవరు వింటారు? మా వైపు ఒక నమ్మకం ఉంది. అబద్ధపు ప్రమాణం చేసినవాడికి ఏడాది తిరక్కుండా ఏదో ఒకటి తగులుతుందని. వాడు బైబిలు మీద చెయ్యి పెట్టి లోపలికి పోయిందన్నాడు. నేను అదే బైబిలు మీద చెయ్యి పెట్టి బయటికి పోయిందన్నాను. అట్ట మీద వాడి చెయ్యి పెట్టిన చోట ఇంకా వెచ్చగా ఉండింది. ఇక రెండూళ్లూ ఎదురుచూడడం మొదలుపెట్టాయి, ఎవరికి తగులుతుందా అని.

నేనూ ఎదురుచూశాను. మబ్బు పడితే పిడుగు భయంతో పొలానికి పోయేవాణ్ణి కాదు. మా చిన్న కూతురికి ఒళ్లు వెచ్చబడితే రాత్రంతా పక్కనే కూర్చునేవాణ్ణి. దాని నుదుటి మీద చెయ్యి వేసి, దీన్ని కాదు స్వామీ, నన్ను, అనేవాణ్ణి. అనేసి, అయ్యో నన్ను కూడా వద్దని లోపల్లోపల బతిమాలుకునేవాణ్ణి. అంత నీచమైన భయం నాది.

తగిలింది. వాడికి. టమాటాలు వేసుకుని మార్కెట్టుకు పోతుంటే ఆటో టైరు పేలి బోల్తా పడింది. కుడి కాలు నుజ్జయింది. ప్రాణం దక్కింది, కాలు ఇక వంగదన్నారు. ఆ కబురు విన్నప్పుడు మొట్టమొదట నాకేమనిపించిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. హమ్మయ్య అనిపించింది. నన్ను దాటి పోయింది అనిపించింది. ఆ తర్వాతే వాడి కాలు గుర్తొచ్చింది.

చూశారా, ప్రమాణం తగిలింది, అన్నారు అందరూ. వాళ్ల ఊరివాళ్లే అన్నారు. నేను తల దించుకుని ఊరుకున్నాను. అది చూసి, ఎంత వినయం, పగ మనసులో లేదు, అని మెచ్చుకున్నారు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం డానియేలు మా ఇంటికి వచ్చాడు. చంక కింద కర్రతో, వాగు దాటుకుని. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. కొట్టడానికి వచ్చాడనుకుని గడప దగ్గరే ఆగిపోయాను.

"కూర్చోప్పా," అన్నాను.

కూర్చోలేదు. "అన్నా, నిన్నొకటి అడగల్లని వచ్చినా. బాలు లోపలికి పోయిందని నా కండ్లతో నేను చూసినా. అందుకే ఒట్టేసినా. ఇప్పుడు తలుచుకుంటే నాకే అనుమానంగా ఉండాది. దుమ్ములో సరిగ్గా అగపళ్లేదేమో. మాయమ్మ గూడా అదే అంటాంది, తప్పు ప్రమాణం చేసినావు, దేవుడు ఊరికే కాలు తీసుకుంటాడా అని. నువ్వు కర్ర పక్కనే ఉంటివి. బయటికే పోయింది గదా?"

వాడి కళ్లలో కోపం లేదు. నాకున్న భయమే వాడికీ ఉంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఇంట్లో ఎవరూ లేరు, రెండు ముక్కలు చాలు. కానీ వాడికి చెబితే వాళ్లమ్మకు తెలుస్తుంది, రెండూళ్లకూ తెలుస్తుంది, తగలాల్సింది ఇంకా తగల్లేదని దేవుడికి కూడా గుర్తొస్తుంది. అవును, దేవుడు మరిచిపోయి ఉంటాడని ఆశపడ్డాను.

"బయటికే పోయిందప్పా," అన్నాను.

వాడు చంక కింది కర్ర సర్దుకున్నాడు. "అట్లయితే నన్ను క్షమించన్నా. నలుగుర్లో నిన్ను అబద్ధాలోణ్ణి చేసినా."

"క్షమించినాలేప్పా. ఎండగా ఉండాది, మెల్లగా పో," అన్నాను.

క్షమించినాలే! ఆ మాట ఎట్లా వచ్చింది నా నోట్లోంచి? అబద్ధం చెప్పడానికైనా భయం కారణమని చెప్పుకోవచ్చు. క్షమించడానికి ఏం కారణం చెప్పుకోను? వాడు మా వీధి చివరిదాకా పోయేవరకు కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉండింది. నేను తలుపు వేసుకున్నాను.

టైరు పేలింది, అంతే, టైరుకు ప్రమాణాల సంగతి ఏం తెలుసు అని కొన్నిసార్లు నాకు నేనే నచ్చజెప్పుకుంటాను. అది నిజమే కావచ్చు. నిజమే అయితే ఆ మాట వాడికి కదా చెప్పాలి? వాడు నమ్మిన దేవుడు వాడి మీద కోపంగా ఉన్నాడని వాణ్ణి నమ్మించింది నేను. ఆటో తీసుకున్నది కాలు ఒక్కటే.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే చెప్పినట్టే కాదు. ఆ ప్రమాణం నెగ్గిన పేరుతో నన్ను సంఘ పెద్దను చేశారు. నెలకొకసారి ప్రభు భోజనం నాడు రొట్టె పళ్లెం పట్టుకుని వరసల్లో తిరిగేది నేనే. డానియేలు వెనక గోడవారగా కూర్చుంటాడు. పళ్లెం వాడి ముందుకు రాగానే రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపుతాడు. తప్పు ప్రమాణం చేసినవాడు ముట్టకూడదని వాడి లెక్క. తొమ్మిదేళ్లుగా ముట్టలేదు. నేను పక్కవాడి దగ్గరికి జరుగుతాను. అందరికీ పెట్టి, చివర నేనూ తీసుకుంటాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు కదా.

ఎల్లుండి ఆదివారం. మళ్లీ పళ్లెం పట్టుకోవాలి. చెబుతానో లేదో నాకే తెలియదు. ఈ కాగితం చదివి మీరు నన్ను క్షమించకండి. ఆ మాట ఎంత చవకగా అనేయొచ్చో నాకు తెలుసు. అయినా ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాలి. రాస్తుంటే ఊపిరి కిందిదాకా దిగుతోంది, ఎన్నేళ్లకో.

ఆ ఆట డ్రా కాలేదు. మేము రెండు ఒకటితో ఓడిపోయాము. డానియేలు గోలు కొట్టాడు. నేను చూశాను.