పోను పద్దెనిమిది, రాను పద్దెనిమిది

1952 ఏప్రిల్‌లో ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సులో, నా వెనక సీటులో కూర్చున్న లారీ మెకానిక్ ఒకాయన ఫ్రాన్సు వెళ్లి కార్ల పందెం చూస్తానన్నాడు. ఆ పందెం ఇరవై నాలుగు గంటలు ఆగకుండా జరుగుతుందట.

“ఓడలో పోను పద్దెనిమిది దినాలు, రాను పద్దెనిమిది. మా ఓనరు సరిగ్గా ముప్పై ఆరు దినాలు సెలవిచ్చినాడు. ఒక్క దినం మించినా పని ఊడుద్ది,” అన్నాడు.

“మరి పందెం ఏ దినం చూస్తావన్నా?” అని అడిగాను.

బస్సులో అందరూ నవ్వారు. ఆయన వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

ఆత్మకూరులో దిగుతూ, “పోతానమ్మా,” అన్నాడు.

“పోయొస్తాననాల,” అని సరిదిద్దాను.

“పోయేది ఖాయమమ్మా. వచ్చేదే ఇంకా తేలలా,” అన్నాడు.

అప్పటినుంచి ఎవరైనా పోతానంటే నేను సరిదిద్దడం లేదు.