మూడో మెట్టు మీద మనిషి

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు ఉంది. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి పోయే మనిషిని. మాది గొర్లు, మేకలు కాసే ఇల్లు. మా నాయిన మందను తోలుకుని పూడూరు నుంచి కుల్కచర్ల దాకా తిరిగేవాడు. చీకటి పడితే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, శ్మశానం పక్కనైనా సరే, గొంగడి పరుచుకుని పడుకునేవాడు. ఆయనకు తోడేలు కనిపించింది, పాము కనిపించింది, మంద మీద పడ్డ దొంగలు కనిపించారు. దయ్యం మాత్రం ఒక్కసారీ కనిపించలేదు.

నేను ఆయన కూతుర్ని. ఇది చదివి మేడంకు మతి పోయింది అనుకునేవాళ్ళు అనుకోండి, నాకు పోయేదేమీ లేదు.

నా పేరు సుజాత. ఉండేది వికారాబాద్. తాండూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పొద్దున రైలు, సాయంత్రం రైలు, మధ్యలో పిల్లలతో గొంతు చించుకోవడం.

మా ల్యాబులో కంప్యూటర్లన్నీ ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎక్కడెక్కడివాళ్ళో జీతం లేకుండా రాసి, సరిచేసి, అందరికీ ఇస్తారు. నేను ప్రోగ్రాములు రాసేంతదాన్ని కాదు గానీ బొమ్మల పని చేస్తాను. కొత్త వెర్షన్ వచ్చే ముందు ప్రతిసారీ వాల్‌పేపర్లు పంపమని పిలుపు వస్తుంది. కంప్యూటర్ తెరవగానే వెనకాల కనిపించే బొమ్మ అన్నమాట. వచ్చిన వందల ఫోటోలను వడకట్టే నలుగురైదుగురిలో నేనూ ఒకదాన్ని.

మా నియమాలు సులువే. బొమ్మలో అక్షరాలు ఉండకూడదు. ఎడమ పక్క ఐకన్లు వచ్చి కూర్చుంటాయి కాబట్టి అక్కడ సాదాగా ఉండాలి. రోజంతా చూసినా కళ్ళు అలసిపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మనుషులు ఉండకూడదు. ఈ ఒక్క మాట చెప్పి ఎంతమంది పెళ్ళి ఫోటోలు, పిల్లల పుట్టినరోజు ఫోటోలు వెనక్కి పంపానో లెక్కలేదు. నాకు జాలి లేదని పేరు కూడా వచ్చింది.

ఆ ఏడు నా ఫోటో కూడా ఒకటి పంపాలనుకున్నాను. అక్కడే మొదలైంది.

మా అన్న మల్లేశ్, వదిన లక్ష్మి తాండూరు పక్కన ఒక ఊళ్ళో ఉంటారు. అన్నది నాయిన పనే, మేకలు, గొర్లు. ఊరవతల బండలు తీసి వదిలేసిన పాత గని ఉంది. నాపరాయి పొరలు పొరలుగా తీస్తారు కదా, గోడలన్నీ మెట్లలా ఉంటాయి. అడుగున నీళ్ళు. మా అన్న మేకలు తాగేది ఆ నీళ్ళే.

దగ్గర్లోని పాలిష్ ఫ్యాక్టరీవాళ్ళు బండలు కోసినప్పుడు వచ్చే తెల్లటి బురదను ట్రాక్టర్లకు తగిలించిన ట్యాంకర్లలో తెచ్చి ఆ గనిలో ఒంపడం మొదలుపెట్టారు. ఒంపించేవాడు నర్సప్ప అని అక్కడి సూపర్‌వైజర్. ఆ నీళ్ళు తాగి మేకలు కడుపులుబ్బి చచ్చిపోయాయి. మా అన్న ఊరుకునే రకం కాదు. ట్రాక్టర్ అద్దం రాయితో పగలగొట్టాడు. మర్నాడే నర్సప్ప మనుషులు నలుగురు కలిసి అన్నను రోడ్డు మీద పడేసి తన్నారు. భుజం దగ్గర ఎముక విరిగింది. పళ్ళు ఊడి చేతిలో పడ్డాయి. అంతటితో వదల్లేదు, నర్సప్ప ఇంటి ముందుకే వచ్చి వదిన వింటుండగా అన్నాడు.

"ఇంకోపారి నా బండి జోలికొస్తె గా గనిలనే పూడ్చిపెడ్త బిడ్డా! పీనుగ గూడ దొరకదు."

పోలీసులకు చెప్పాం. రాజీ పడండి అన్నారు. రాజీ పడటానికి అదేమన్నా సంతలో బేరమా? నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నను చూడటానికి వెళ్ళిన పొద్దున్నే గని దగ్గరికి నడిచాను. చలికాలపు ఎండ అప్పుడే పడుతోంది. బూడిద రంగు మెట్లు, వాటి కింద పాలు కలిపినట్టు లేత ఆకుపచ్చ నీళ్ళు. ఆ రంగు విషానిదేనని తెలుసు. అయినా పాడుది, అందంగానే ఉంది. కెమెరా తీశాను. అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు. మనుషులు ఉండకూడదన్నది నా నియమమే కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకునే తీశాను.

ఇంటికొచ్చి రంగులు కొంచెం సవరించి పంపాను. ఎవరి ఫోటో వాళ్ళు ఎంచుకోకూడదు, మిగతావాళ్ళే చూడాలి. మర్నాడు కొచ్చి నుంచి అనిల రాసింది. అనిల మా జట్టులో అందరికన్నా చిన్నది, ఎప్పుడూ నవ్విస్తూ రాస్తుంది. ఫోటో అందరికీ నచ్చిందట. ఎడమ పక్కన మూడో మెట్టు మీద నిలబడ్డ మనిషిని మాత్రం తీసేయమంది. నియమం పెట్టేవాళ్ళే తప్పితే ఎలా మేడం అని వెక్కిరించింది కూడా.

నేను ఫోటో తెరిచి చూశాను. మనిషి లేడు. పెద్దది చేసి మెట్టు మెట్టూ వెతికాను. లేడు. నువ్వు వేరే ఫోటో చూస్తున్నావని రాశాను. కాదు, ఇదేనంది. మిగతా ముగ్గుర్నీ అడిగాను. ముగ్గురూ ఉన్నాడన్నారు. అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని బాగా తిట్టాను.

ఇలాంటివి తేల్చడానికి మాకో పద్ధతి ఉంది. ప్రతి ఫైలుకూ లెక్కగట్టి ఒక సంఖ్య తీయొచ్చు. అది వేలిముద్ర లాంటిది. ఫోటోలో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. వాళ్ళ దగ్గరున్న ఫైలుకు తీయించాను, నా దగ్గరున్నదానికి తీశాను. అక్షరం తేడా లేదు. ఒకే ఫైలు.

అనిల తన తెరను ఫోటో తీసి, మనిషి చుట్టూ ఎర్రగా గీత గీసి పంపింది. నా ఫోనులో ఎర్ర గీత కనిపించింది. దాని లోపల వట్టి రాయి.

అప్పుడు నాకు నవ్వులాట పోయింది. ఎలా ఉన్నాడో చెప్పమని అడిగాను. నల్లటి మందపాటి దుప్పటి తల మీదుగా కప్పుకున్నాడట. వీపు కనిపిస్తోంది, మొహం లేదు. రెండు చేతులూ తల పైకి ఎత్తాడు. చేతుల్లో పొడుగ్గా కర్రలాంటిది ఏదో ఉంది.

నల్లటి దుప్పటి అంటే గొంగడి. ఆ చుట్టుపక్కల ఇంకా గొంగడి కప్పుకుని తిరిగేది మా అన్న ఒక్కడే. పొడుగు కర్ర మేకలు తోలే కర్ర. ఎత్తిన చేతులంటే, ఎవరో పైన పడి కొడుతుంటే కాచుకుంటున్నాడు. నేను అలాగే అర్థం చేసుకున్నాను. ఇంకో రకంగా అర్థం చేసుకోవచ్చని నా బుర్రకు తట్టనే లేదు.

దయ్యాన్ని నమ్మానా అంటే చెప్పలేను. నర్సప్ప మాటను మాత్రం నమ్మాను. ఆ పూటే వెళ్ళి అన్నను వికారాబాద్ పద అన్నాను. ఫోటో సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

"నీ కంపూటర్ల దయ్యం దూరింది చెల్లె. జర నిమ్మకాయలు కట్టు."

"నవ్వకు అన్నా! వాడు సంపుతనన్నడు నిన్ను."

"సంపనియ్యి, నాకేం ఫికర్ లేదు. మేకల్ని ఎవడు సూడాలె?"

"నేను సూస్తలేనా?" అని వదిన లోపల్నుంచి అరిచింది. "సుజాతతో పోతవా, నన్ను బాయిల దుంకమంటవా?"

వదిన ఏడుపు చూడలేక వచ్చాడు. మా ఇంట్లో కట్టేసిన పొట్టేలులా ఉన్నాడు. వాకిట్లో కూర్చునేవాడు, లేచేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. భుజం కట్టు విప్పినా కుడి చేయి చెవి పైకి లేచేది కాదు. అన్నం నేనే వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. గని దిక్కు పోనని నా నెత్తి మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఆ చేయి కూడా నేనే పట్టుకుని లేపాల్సి వచ్చింది.

అన్న ఊళ్ళో లేడని నర్సప్పకు తెలిసింది. మళ్ళీ ట్యాంకర్ వచ్చింది. వదిన ఎదురు నిలబడింది. నర్సప్ప కొట్టిన దెబ్బకు చెవికమ్మతో సహా చెవి తమ్మె చిరిగిపోయింది. కింద పడ్డాక కూడా కడుపులో తన్నాడు. నాకు చెప్పొద్దని వదిన ఊళ్ళోవాళ్ళందర్నీ బతిమాలుకుంది. అయినా ఎవరో అన్నకు ఫోన్ చేశారు.

మర్నాడు పొద్దున నేను రైలెక్కాక, అన్న వెనక బండిలో బయల్దేరాడు. నాకు తెలియదు. క్లాసులో ఉండగా వదిన ఫోన్.

"మీ అన్న వచ్చిండే! నా చెవి సూసిండు. గొంగడి కప్పుకున్నడు, గడ్డపార తీస్కొని గని దిక్కు ఉరికిండు!"

గడ్డపార. పొడుగ్గా, కర్రలాంటిది. ఫోను చేతిలో ఉండగానే నాకు మొత్తం అర్థమైపోయింది. దెబ్బ కాచుకునేవాడి చేతులు కావవి.

ఆటోవాణ్ణి ఏమని తిట్టి తోలించానో గుర్తులేదు. గని అంచు మీదకు వచ్చేసరికి నేను ఫోటో తీసిన చోటే నిలబడి ఉన్నాను. అదే ఎండ, అవే నీళ్ళు. ఎడమ పక్కన మూడో మెట్టు మీద మా అన్న, వీపు నాకేసి తిప్పి, రెండు చేతులూ తల పైకెత్తి ఉన్నాడు. చెవి దాటని ఆ కుడి చేయి కూడా నిటారుగా లేచి ఉంది.

"అన్నా!" అని అరిచాను. గడ్డపార దిగింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వచ్చింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. నర్సప్ప మెట్టు మీద పడి ఉన్నాడు. మొదట ఒక కాలు తన్నుకుంది, తర్వాత అదీ లేదు. నెత్తురు బండ మీద పల్చగా పరుచుకుని అంచు దాటి నీళ్ళలోకి కారింది. ట్రాక్టర్ డ్రైవర్, ఇంకో ఇద్దరు వెనకనుంచి పట్టుకుని లాగేదాకా అన్న ఆపలేదు. లాగాక నన్ను చూశాడు. గుర్తుపట్టలేదు.

నర్సప్పను హైదరాబాద్ తీసుకెళ్తుంటే వికారాబాద్ దాటక ముందే ప్రాణం పోయింది. అక్కడి ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ళావిడ నా జుట్టు పట్టుకుని నేల మీద ఈడ్చింది. నేను విడిపించుకోలేదు. ఏ మొహం పెట్టుకుని విడిపించుకోను? ఆమె పక్కన ఇద్దరు పిల్లలు ఉన్నారు.

పోలీస్ స్టేషన్ బయట కూర్చుని ఉండగా అనిల మెసేజ్ చూశాను. ఆమెకు ఇదేమీ తెలియదు. మేడం, మనిషిని ఎప్పుడు తీసేశారు, ఇప్పుడు శుభ్రంగా ఉంది, కానీ ఫైలు సంఖ్య మారలేదు, ఎలా చేశారు అని. నలుగురికీ కనిపించకుండా పోయాడట. వాళ్ళలో వాళ్ళు దాన్ని ఒక లోపంగా నమోదు చేశారు. మళ్ళీ చేసి చూపించలేని లోపాన్ని మూసేయడం మా పద్ధతి. మూసేశారు.

ఇంటికొచ్చి నా కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచాను. మూడో మెట్టు మీద మా అన్న ఉన్నాడు. గొంగడి, ఎత్తిన చేతులు, గడ్డపార. కింద నర్సప్ప కూడా ఉన్నాడు. బూడిద రంగు బట్టలు బండలో కలిసిపోయి, వెతికితే తప్ప తెలియదు. అనిలకు కింద పడి ఉన్నవాడు కనిపించి ఉంటే నాకు ముందే చెప్పేది. కనిపించలేదో, లేకపోతే అప్పటికి అక్కడ లేడో.

ఆ చోట రాయి రంగు పూసి దాచిపెట్టాను. మళ్ళీ తెరిస్తే ఇద్దరూ ఉన్నారు. ఫోటో వద్దని రాసే ఓపిక నాకు లేకపోయింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఓట్లు అయిపోయాయి, ఫోటో ఎంపికైంది. కొత్త వెర్షన్‌తో పాటు మా ల్యాబులోకీ వచ్చింది. "మేడం, మీ ఫోటో మస్తుంది, సూస్తుంటె సల్లగ అనిపిస్తుంది" అంటారు పిల్లలు. వాళ్ళకు మెట్లూ నీళ్ళే కనిపిస్తాయి. నేను పాఠం చెబుతూ తెరల వైపు చూడను.

ఇది ఎవరికీ చెప్పలేదు, వదినకు కూడా. మొన్న వకీలు దగ్గరికి పోవడానికి ఆమె కాలేజీకి వచ్చింది. క్లాసు అయ్యేదాకా ల్యాబులో ఒక మూల కూర్చోబెట్టాను. కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి. పిల్లలు వెళ్ళాక చూస్తే తెర వంక అలాగే చూస్తోంది. చిరిగిన చెవిని వేళ్ళతో పట్టుకుని ఉంది.

"సుజాతా, గాయన్ని ఇగ చెయ్యి దించుమనరాదు. వాడు సచ్చిపాయె గదనే. ఇంకెంత కొడ్తడు?"

నేను వెళ్ళి తీగ పీకేశాను. తెర నల్లబడింది. ఇద్దరం ఏడ్చాం.

ఆ వారం జైలుకెళ్ళినప్పుడు వదిన మాట అన్నకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఇనుప జాలీ అవతల తన చేతుల వంక చూసుకున్నాడు. కుడి చేయి మళ్ళీ చెవి దాకా కూడా లేవడం లేదని అక్కడి డాక్టర్ రాశాడట.

"దించుతనే ఉన్న చెల్లె," అన్నాడు. "దినాం దించుతనే ఉన్న. దిగుతలేవు."

తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నేర్పడమే నా ఉద్యోగం. దీంట్లో ఎక్కడుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.